ఆమె కూడా తాగిన అంబలి

ఆమె పోసిన అంబలి వల్ల ఎవరూ చనిపోలేదు. ముందు ఈ ఒక్క మాట రాసేస్తే మిగిలింది నెమ్మదిగా చెప్పుకోవచ్చు. దీనికి సరిగ్గా ఎదురు మాట ఒకప్పుడు నేనే రాశాను. అది జిల్లా పేజీలో బాక్సు కట్టి అచ్చయింది. ఇన్నేళ్లలో దాన్ని ఎవరూ సరిదిద్దలేదు. నేనూ సరిదిద్దలేదు.

ఈమధ్య ఒక డిగ్రీ కాలేజీలో ప్రపంచం ముందున్న పెద్ద సమస్యల మీద సభ పెట్టి, పాత విలేకరినని నన్నూ పిలిచారు. గోడల నిండా పిల్లలు గీసిన చార్టులు. ఆకలి, మంచినీళ్లు, అంటురోగాలు, తప్పుడు వార్తలు. తప్పుడు వార్తల చార్టు మీద సెల్‌ఫోను బొమ్మ వేశారు. అవి సెల్‌ఫోనుతోనే పుట్టాయని ఆ పిల్లల నమ్మకం. నేను మైకు ముందు అందరూ చెప్పేవే నాలుగు మాటలు చెప్పి, శాలువా కప్పించుకుని వచ్చేశాను. ఆ చార్టుల మీద ఉన్నవన్నీ నేను ఒకే వానాకాలంలో, ఒకే కొండ ఊళ్లో చూశాను. అప్పటికి ఆ కొండల్లో సెల్‌ఫోను లేదు. ఆ చార్టుల్లో చివరిదాన్ని, తప్పుడు వార్తను, ఆ ఊరికి మోసుకెళ్లింది నేనే.

ఆమె ఇప్పుడు లేదు. అయినా ఆమె పేరు, ఊరి పేరు రాయను. అరకు నుంచి కొంత దూరం జీపులో, ఆ తర్వాత కాలినడకన వెళ్లాల్సిన ఊరు అంటే చాలు. అలాంటివి ఆ కొండల్లో చాలా ఉన్నాయి.

మాది మైదానం. సంతల్లో ఉప్పు, ఎండుచేపలు అమ్ముకోవడానికి మా నాన్న కొండెక్కాడు. నేను అక్కడే పెరిగాను. తొంభైల్లో నాకు బస్టాండు పక్కన ఎస్టీడీ బూత్ ఉండేది. దాంతోపాటు ఒక పత్రికకు విలేకరిని. జీతమని చెప్పుకోదగ్గది ఏమీ రాదు గానీ బండి ముందు ‘ప్రెస్’ అని రాయించుకోవచ్చు. పోలీసు స్టేషన్లో కుర్చీ వేస్తారు. ఎమ్మార్వో ఆఫీసులో టీ ఇస్తారు. వార్తలు తెల్లకాగితాల మీద రాసి, కవర్లో పెట్టి, విశాఖపట్నం వెళ్లే బస్సు డ్రైవరు చేతికిచ్చేవాణ్ణి. ఘాట్ రోడ్డు మీద కొండచరియలు విరిగిపడిన రోజు వార్త వెళ్లదు. మిగతా రోజుల్లో, కొండ మీద ఏం జరిగిందో కింద వాళ్లకు తెలిసేది నా కవరు ద్వారానే.

ఆ ఊరితో నా పరిచయం నీళ్లతో మొదలైంది. ఊరంతటికీ ఒకటే చెలమ. కొండ పక్కన రాళ్ల సందులోంచి ఊరే నీటిని సొరబుర్రతో తోడుకోవాలి. వేసవిలో కుండ నిండేసరికి ఆడవాళ్ల నడుములు పడిపోయేవి. నేను ఫోటో తీసి రాశాను. నా వార్తల్లో అధికారులు నిజంగా పట్టించుకున్నది అదొక్కటే. పైన గెడ్డకు, అంటే కొండవాగుకు, అడ్డుకట్ట కట్టి, పైపు వేసి, ఊరి మధ్య సిమెంటు ట్యాంకు కట్టారు. ప్రారంభం నాడు నాకు ముందు వరసలో చోటిచ్చారు. డప్పులు కొట్టారు. ఆ రోజు నుంచి ఊళ్లో దాని పేరు ‘పేపరు బాబు టేంకు’. ఆ పేరు వినడానికే ఆ దారిన పోయిన సందర్భాలున్నాయి.

ట్యాంకు మీద మూత లేదని ఆ రోజే చూశాను. నీళ్లు వడగట్టడానికి ఇసుక తొట్టి కట్టాల్సిన చోట రాళ్ల కుప్ప మాత్రమే ఉంది. తర్వాత చేస్తామన్నారు. నేను రాయలేదు. శుభకార్యం జరుగుతుంటే అపశకునం పలికినట్టు ఉంటుందనిపించింది.

పైపు అన్ని ఇళ్ల దాకా వచ్చింది గానీ, ఊరి చివర కాస్త ఎత్తు మీద ఉన్న ఒక ఇంటికి నీళ్లు ఎక్కలేదు. అందులో ఒక ఆమె, ఆమె కూతురు ఉండేవారు. భర్త పోయి చాలాకాలమైంది. గట్టిగా మాట్లాడే మనిషి. నన్ను చూస్తే ఆట పట్టించేది.

“ఏటి పేపరు బాబూ, అందరిళ్లకాడికీ నీలొచ్చీసినాయి. నా ఇంటికాడికి రాడానికి ఆటికి కాళ్లు నొప్పెట్టినాయా?”

“రాస్తానమ్మా, మళ్లీ రాస్తాను.”

“రాయి రాయి. నువ్వు రాసేలోగా నా గుంట ముసల్దయిపోద్ది.”

రాయలేదు. ఆమె, ఆమె కూతురు పాత చెలమ నీళ్లే తాగుతూ ఉండిపోయారు. ఆ సంగతి నాకు బాగా తెలుసు. మీరూ గుర్తుపెట్టుకోండి.

ఇక అంబలి సంగతి. మామిడిపళ్లు అయిపోయాక అక్కడివాళ్లు టెంకల్ని పారేయరు. పగలగొట్టి లోపలి జీడిని ఎండబెట్టి, పొయ్యి మీది అటక మీద బుట్టల్లో దాస్తారు. పొగ తగిలితే పురుగు పట్టదు. వానలు ముదిరి, ఇంట్లో చోళ్లు, సామలు అడుగంటి, దారులు తెగి రేషన్ బియ్యం కొండెక్కని రోజుల్లో ఆ జీడిని దంచుతారు. పిండిని గుడ్డలో మూటకట్టి పారే నీళ్లలో రాళ్ల మధ్య ఉంచుతారు. వగరంతా పోయాక అంబలి కాస్తారు. బూజు పట్టిన జీడి ప్రమాదమే, కాదనను. అది వాళ్లకు మనకన్నా ముందే తెలుసు. అయినా మైదానం నుంచి వచ్చిన మేం ఆ అంబలిని ఒక రోగంలా చూసేవాళ్లం. ఏమీ లేనప్పుడు తినేది గనక, తినకూడనిదే అయి ఉంటుందని మా లెక్క.

ఆ ఏడు వానలు పట్టినపట్టు వదలలేదు. ఆమె చెక్కలో, అంటే ఆమె చిన్న పొలంలో, చోడి నారు ఊడ్చే రోజు వచ్చింది. ఆ ఊళ్లో ఒకరి పొలానికి ఊరంతా వెళ్లి పనిచేస్తారు. కూలి ఉండదు. ఆ ఇంటివాళ్లు అంబలి పోస్తారు, రేపు వీళ్ల పొలానికి వాళ్లొస్తారు. ఇంట్లో చోడిపిండి లేదు గనక ఆమె టెంక అంబలి కాచింది. పనికొచ్చినవాళ్లంతా తాగారు. ఆమె, కూతురు కూడా తాగారు. వచ్చినవాళ్లు దారిలో ట్యాంకు దగ్గర సొరబుర్రల నిండా నీళ్లు పట్టుకుని వచ్చారు. రోజంతా అవే తాగారు.

మర్నాటికి ఊళ్లో వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. మొదట ఒక ముసలాయన పోయాడు. తర్వాత ఇద్దరు పిల్లలు. ఆ తర్వాత ఒక బాలింత. గెడ్డ పొంగి జీపు రాలేదు. మంచాలకు తాళ్లు కట్టి మోసుకుంటూ కొందరిని రోడ్డు దాకా తెచ్చారు. ఆ కబురు సంత నుంచి వచ్చినవాళ్ల ద్వారా నా బూత్‌కి చేరింది. వాన కాస్త తెరిపిచ్చాక నడిచి వెళ్లాను.

ఊళ్లోకి అడుగుపెట్టగానే వాసన తెలిసింది. ట్యాంకు దగ్గరికి వెళ్లి తొంగిచూశాను. నీళ్లు ఎర్రమట్టి రంగులో ఉన్నాయి. కుళ్లిన ఆకులు తేలుతున్నాయి. అడ్డుకట్టకు పైన పశువులు మేసే మెట్ట ఉంది. వాన ఆ మెట్టనంతా కడిగి పైపులోకి పంపింది. అది తెలుసుకోవడానికి పరీక్షలేవీ అక్కర్లేదు. పక్కింట్లో చాప మీద ఒక పిల్లవాడు కళ్లు లోపలికి పోయి పడున్నాడు. వాళ్లింట్లోవాళ్లు ఆ రోజు ఊడ్పుకే వెళ్లలేదు. తండ్రి నాతో ఆ మాట చెప్పాడు.

“మేం అంబలి తాగలేదు బాబూ. మా ఇంట్ల ఆ పొద్దు పొయ్యే ఎలగలేదు. మరి ఈడికేటి ఇలగయినాది?”

ఊరి చివర ఆమె గుమ్మంలో కూర్చుని ఉంది. ఈసారి ఆట పట్టించలేదు.

“మేవూ తాగినాం బాబూ. ఆ కుండలోదే. నానూ తాగినాను, నా గుంటా తాగినాది. సూడు, ఎలగున్నాదో. జీడి సూత్తావా?” అని లోపలికెళ్లి అటక మీద బుట్ట దించి చూపించింది. చేత్తో కలియబెట్టి చూశాను. గలగలలాడుతూ పొడిగా ఉంది. బూజు లేదు.

అంటే ఆ రోజు సాయంత్రానికే నాకు అంతా తెలుసు.

రోడ్డు మీదికి వచ్చేసరికి జీపు ఆగి ఉంది. వైద్య బృందంతో వచ్చిన ఒక అధికారి గొడుగు కింద నిలబడి సిగరెట్ కాలుస్తున్నాడు. వైద్యులు మందుల పెట్టెలతో గెడ్డ దాటే వీలు కోసం చూస్తున్నారు.

“ఏమండీ విలేకరి గారూ, చూసొచ్చారా?”

“చూశానండి. నీళ్లు చాలా...”

“నీళ్లా?” ఆయన నవ్వాడు. “అది మీ ట్యాంకే కదండీ! రాసి మరీ తెప్పించారు. ప్రారంభం ఫోటోలో నాకన్నా ముందు మీరే నిలబడ్డారు. టెంక అంబలండీ ఇది. ఏటా వీళ్లకు ఉన్నదే. ఎన్నిసార్లు చెప్పినా వినరు. అవగాహన లేదు. అది రాయండి, నలుగురికీ పనికొస్తుంది.”

ఆయన బెదిరించలేదు. లంచం ఇవ్వలేదు. ఇన్నేళ్లుగా ఎవరైనా అడిగితే చెప్పుకోవడానికి అలాంటిదేమైనా జరిగి ఉంటే బాగుండేది. ఆయన ఒక నవ్వు నవ్వాడు, అంతే. ఆ నవ్వులో నా ట్యాంకు ఉంది. ఆ ఊరి పిల్లల్ని నా ట్యాంకు చంపిందని నా చేత్తో నేను రాయాలి. ఊళ్లో దాన్ని నా పేరుతో పిలుస్తారు.

బూత్‌లో కూర్చుని రాశాను. విషాహారం అన్నాను. బూజు పట్టిన టెంకల పిండి అన్నాను. ఊడ్పుకు వచ్చినవాళ్లకు ఒక వితంతువు ఇంట్లో పోసిన అంబలి అన్నాను. గిరిజనుల్లో చైతన్యం రావాలన్నాను. మధ్యలో ఒక వాక్యం దానంతట అదే వచ్చింది. అంబలి కాచిన ఇంట్లోవారు కూడా దాన్నే తాగారని, వారికి ఏమీ కాలేదని. ఆ వాక్యం ఉంటే మిగతా వార్త నిలబడదు. కొట్టేశాను. కనిపించకుండా ఉండాలని దాని మీద అడ్డంగా నిలువుగా గీతలు గీసి, చివరికి ఆ కాగితమే మార్చేశాను. కవరు బస్సెక్కింది.

వార్త వచ్చాక పనులు చకచకా జరిగాయి. ట్యాంకుకు మూత పెట్టడానికి కావు. గోనెసంచులతో సర్కారు మనుషులు వచ్చి, ఇళ్ల అటకల మీది జీడినంతా దించి గెడ్డలో పారబోశారు. అది ఆ ఊరికి వానాకాలపు తిండి. దానికి బదులుగా బియ్యం వస్తుందన్నారు. వచ్చింది, ఆలస్యంగా, కొద్దిగా. ఆ నెలల్లో వాళ్లు అడవి దుంపలు తవ్వుకుని తిన్నారు. ఆకలితో నీరసించినవాళ్లు ఆ వానాకాలం ఇంకొందరు పోయారు. వాళ్లు ఏ వార్తలోకీ ఎక్కలేదు.

ఒక సంత రోజున ఆమె నా బూత్‌కి వచ్చింది. కూతురిని గుమ్మం బయట నిలబెట్టి తను లోపలికి వచ్చింది. నేను ఫోను చేస్తున్నట్టు రిసీవరు చెవి దగ్గర పెట్టుకున్నాను. ఆమె అది పెట్టేసేదాకా కదలకుండా నిలబడింది.

“నా అంబలి ఇసం అని రాసినావంట గదా బాబూ. టీకొట్టుకాడ సదివి సెప్పినారు.”

“అధికారులు అలా చెప్పారమ్మా.”

“ఆళ్లు మా ఇంటికి రానేదు గదా. నువ్వొచ్చినావు. నువ్వు జీడిల సెయ్యెట్టినావు.” కోపంగా అనలేదు. నాకు జ్ఞాపకం లేదేమోనన్నట్టు చెప్పింది. “ఊళ్ల ఎవులూ మాటాడ్డం నేదు. నా సెక్కలో పనికి రారంట. నా గుంటని గుంటలు రాళ్లెట్టి కొడతన్నారు. నువ్వొచ్చి సెప్పు బాబూ. ఇసం కాదని సెప్పు. నువ్వు రాసినావు గనక నీ మాటయితే ఇంటారు.”

వస్తానన్నాను. పేపర్లో రాయమని ఆమె అడగలేదు. ఆమెకు కావలసింది తన ఊరు. నాకది తేలికగానే అనిపించింది. అచ్చులో తప్పు ఒప్పుకోనక్కర్లేదు, ఊళ్లో ఒక మాట చెబితే సరిపోతుంది. పాపం కడుక్కోవడానికి అంతకన్నా సులువైన దారి దొరకదనుకున్నాను.

వెళ్లాను. ఊరివాళ్లు ట్యాంకు పక్కన, పనులు మాట్లాడుకునే చోట కూర్చున్నారు. ఊరి పెద్ద ఉన్నాడు. విత్తనాలకు రోజు చెప్పి, రోగాలకు కారణం చూసే దిసారి ఉన్నాడు. కొడుకు పోయిన తల్లి ఒకామె ఉంది. ఒక కుర్రాడు ట్యాంకు కుళాయి తిప్పి చెంబు నింపి నా చేతికి ఇవ్వబోయాడు. దాహం లేదన్నాను.

“ఆమె అంబలిలో విషం లేదు. వార్త తప్పు,” అన్నాను.

పెద్ద నన్ను పరకాయించి చూశాడు. “మొన్న ఇసం అన్నావు. నీ మాటకే అటకలు కాలీ సేసీసినారు. ఇయాల కాదంతన్నావు. ఏది నిజిం బాబూ?”

“ఇదే నిజం. ఆలోచించండి. ఆవిడా అదే తాగింది, కూతురూ తాగింది. విషమే అయితే వాళ్లకూ ఎక్కాలి కదా? వాళ్లకు ఏమీ కాలేదు.”

నా తర్కం నాకు చాలా బాగుందనిపించింది. ఒక్కసారిగా అందరూ ఊరి చివరి ఇంటివైపు చూశారు. తర్వాత దిసారి మెల్లగా అడిగాడు.

“అవును బాబూ. అందరికీ అయి, ఆళ్లిద్దరికే ఎందుకు అవలేదు?”

అది సరైన ప్రశ్న. చదువుకున్న ఏ వైద్యుడైనా మొదట అడగాల్సింది అదే. దానికి జవాబు నాకు తెలుసు. ఆ ఇంటికి పైపు లేదు గనక. వాళ్లు చెలమ నీళ్లు తాగారు గనక. నా వెనకే, చెయ్యి చాపితే అందేంత దగ్గరలో ఆ ట్యాంకు ఉంది.

“మరేటి బాబూ? అంబలి కాకపోతే ఏటి?” పెద్ద మళ్లీ అడిగాడు.

“తెలియదు,” అన్నాను.

కొడుకు పోయిన తల్లి అప్పుడు తలెత్తింది. “అంబలి మంచిదే అయితే, పోసిన సెయ్యి మంచిది కాదన్నమాట,” అంది.

ఆ మాట అర్థం నాకు అప్పుడే తెలిసిందా, లేదా? చాలాసార్లు అడుక్కున్నాను. తెలియలేదనే ఇన్నాళ్లూ చెప్పుకున్నాను. కానీ ఆ కొండల్లో పెరిగినవాణ్ణి. చిల్లంగి అనే మాట చిన్నప్పటి నుంచీ విన్నాను. చేతబడి చేసిందని ఒక ఆడమనిషి మీద పడే నింద అది. ఆ తల్లి గొంతు విని నా ఒళ్లు జలదరించింది. ఒళ్లు జలదరించిందంటే తెలిసినట్టే.

దిగి వస్తూ ఆమె ఇంటి ముందు నుంచి వెళ్లాను. దూరం నుంచి అంతా చూసింది గానీ మాటలు వినబడలేదు. మొహం తేటగా ఉంది.

“సెప్పీసినావా బాబూ?”

“చెప్పాను.”

“ఇసం కాదన్నావా?”

“అన్నాను.”

“సాలు బాబూ. నీ కడుపు సల్లగుండ.” లోపలికెళ్లి కంచుచెంబుతో నీళ్లు తెచ్చింది. చెలమ నీళ్లు. గటగటా తాగేశాను. ఇంకో చెంబు అడిగి అదీ తాగాను. ట్యాంకు దగ్గర లేని దాహం అక్కడ ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆమెకు తెలియదు. నాకు తెలుసు.

తర్వాత జరిగింది నేను చూడలేదు. కొన్ని వారాలకు సంతలో ఆ ఊరివాడొకడు కల్లు మత్తులో నా భుజం తట్టి చెప్పాడు. “నువ్వు సెప్పింది నిజిమే పేపరు బాబూ. అంబల్ల ఏటీ నేదు. ఆ ముండదే అంతా. ఇప్పుడింక మంత్రం నోరు తిరగదు దానికి.” ఆమె ముందు పళ్లు రాళ్లతో ఊడగొట్టారు. పళ్లు లేకపోతే మంత్రం సరిగా పలకదని నమ్మకం. చంపకుండా వదిలేసినందుకు దాన్ని దయగానే చెప్పుకున్నారు. ఇల్లు పీకేశారు. కూతురిని తీసుకుని ఆమె ఎటో వెళ్లిపోయింది. ఎటు వెళ్లిందో వాడికి తెలియదు, పట్టలేదు కూడా.

నేను పోలీసులకు చెప్పలేదు. చెబితే ఎలా తెలుసని అడుగుతారు. ఒక దాని తర్వాత ఒకటి అడుగుతూ పోతే ట్యాంకు దగ్గరికి వస్తారు.

ఆ ఊరివాళ్లను అనాగరికులని తిట్టడం మైదానంలో చాలా తేలిక. నేనూ అలా కొన్నాళ్లు తిట్టుకుని ఊరట పొందాను. కానీ వాళ్లు అడగాల్సింది అడిగారు. జవాబు తెలిసినవాడు వాళ్ల మధ్యే నిలబడి తెలియదన్నాడు. పిల్లల్ని పూడ్చిపెట్టి వచ్చినవాళ్లు తెలియదన్న మాటతో ఇంటికి వెళ్లి పడుకోలేరు. ఖాళీగా వదిలేసిన చోటును తమకు తెలిసిన ఒక్క కారణంతో నింపుకున్నారు. ఆ ఖాళీ నేను ఉంచిందే.

మరుసటి వానాకాలం ఆ ఊళ్లో మళ్లీ వాంతులు వచ్చాయి. ఈసారి ఊడ్పు అంబలి లేదు, ఆమె లేదు. వేరే పత్రిక కుర్రాడొకడు నీళ్లేనని రాశాడు. ట్యాంకుకు మూత వచ్చింది. ఇసుక తొట్టి కట్టారు. ఆ కుర్రాడు పాత వార్త సంగతి ఎత్తలేదు. అది అతనికి తెలియదనుకుంటాను. ఊళ్లో కూడా ఎవరూ వెనక్కి తిరిగి ఆ రెండు సంగతుల్నీ కలిపి చూడలేదు. లేదా చూసినవాళ్లు నోరు విప్పలేదు. విప్పితే రాళ్లు పట్టుకున్న చేతుల్ని ఏం చేసుకోవాలి?

నేను విలేకరి పని మానేశాను. ఎస్టీడీ బూత్‌లు కూడా మూతపడుతున్న రోజులు వచ్చాయి. ఒకసారి ఏదో పని మీద డుంబ్రిగుడ వెళ్లాను. అది సంత రోజు. అల్లం, పసుపు కుప్పల పక్కన కొండచీపుళ్లు పెట్టుకుని ఒకామె కూర్చుని ఉంది. పైపెదవి లోపలికి పోయింది. నేను గుర్తుపట్టేలోగానే ఆమె నన్ను గుర్తుపట్టింది. చూపు తిప్పుకుంది.

ఎదురుగా గొంతుక్కూర్చున్నాను. ఏం మాట్లాడాలో తోచక, “బాగున్నావా అమ్మా?” అన్నాను.

“బాగానే ఉన్నాను బాబూ.”

“అమ్మా, ఆ రోజు నాకు తెలుసు. అంబలి కాదు, చిల్లంగీ కాదు. ట్యాంకు నీళ్లు. నువ్వు చెలమ నీళ్లు తాగావు గనక నీకు ఏమీ కాలేదు. తెలిసి చెప్పలేదు.”

ఆమె చీపుళ్లు సర్దుతూ వింది. ఆశ్చర్యపోలేదు.

“నాకూ తెలుసు బాబూ. మరుసటేడు మల్లీ అందరూ కక్కుతన్నారని ఇన్నాను. అప్పుడు తెలిసినాది.”

“నేను రాస్తాను. నిజమంతా పేపర్లో వేయిస్తాను. మీ ఊరివాళ్లు, అందరూ తెలుసుకునేలా...”

“వొద్దు!” చెయ్యి గట్టిగా నా ముందుకు చాపింది. పక్కన పసుపు అమ్మే ఆమె ఇటు తిరిగింది. గొంతు తగ్గించింది. “గుంటకి పెల్లి సేసినాను. ఇక్కడే ఇచ్చినాను. ఆళ్లకి నానెక్కడిదాన్నో తెల్దు. పల్లేటయినాయంటే జారి పడ్డానని సెప్పినాను. నువ్వు రాత్తే ఏటని రాత్తావు? చిల్లంగి కాదని రాత్తావు. అంటే, చిల్లంగి అన్నారన్నమాట గదా. ఆ మాటే ఉంటాది. ముందుదే ఉంటాది, ఎనకది ఉండదు. నీకు తెల్దా?”

నాకు తెలుసు. ఆ సంగతి నాకన్నా బాగా తెలిసినవాళ్లు లేరు.

“మరి నన్నేం చెయ్యమంటావమ్మా?”

“ఏటీ సెయ్యొద్దు. ఎల్లిపో బాబూ. మా అల్లుడొత్తాడు.”

లేవబోయేలోగా అల్లుడు వచ్చేశాడు. భుజం మీద కావిడి, మంచి ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి. నన్ను, నా ప్యాంటు చొక్కాని చూశాడు.

“ఎవులత్తా ఈ బాబు?”

ఆమె నా కళ్లలోకి సూటిగా చూసింది. ఆ చూపులో కోపం లేదు, బతిమాలడం ఉంది. “ఎవులో నాకేటి తెలుసు. సీపుల్లు బేరం సేత్తన్నాడు. కొనడు గానీ కూకున్నాడు.”

“కొంతావా బాబూ, కొనవా?” అల్లుడు నవ్వుతూ కావిడి దించాడు.

నేను ఒక చీపురుకట్ట తీసుకుని, తిప్పి చూసి, పుల్లలు సన్నగా ఉన్నాయన్నాను. ఎక్కువ చెబుతోందన్నాను. ఆమె ఒక్క పైసా తగ్గనంది. గట్టిగా, పక్కవాళ్లందరికీ వినబడేలా, నాలాంటి బేరగాణ్ణి ఎక్కడా చూడలేదంది. అల్లుడు నవ్వాడు. ఆమె అడిగినంతా ఇచ్చి, చీపుళ్లు చంకలో పెట్టుకుని, ఆమెను ఎన్నడూ చూడనివాడిలా లేచి వచ్చేశాను.